మానాలని లేక కాదు, మానగలనని లేక

తాగుడు మానలేకపోతున్న మనిషి గురించి ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ, ఒక్కోసారి వైద్యం చేసేవాళ్ళూ తేల్చేసే మాట ఒకటుంది: "వాడికే మానాలని లేదు, మనమేం చేస్తాం!" చాలాసార్లు ఈ తీర్పు తప్పు. తాగుడు వ్యసనంగా ముదిరాక మానాలన్న కోరిక బొత్తిగా లేనివాళ్ళు తక్కువే. కాకపోతే ఆ కోరిక పక్కనే తాగాలన్న కోరికా ఉంటుంది. పొద్దున్న "ఇక ముట్టను" అన్నప్పుడు ఆయన అబద్ధం ఆడలేదు, సాయంత్రం సీసా తెచ్చుకున్నప్పుడు నాటకమూ ఆడలేదు. రెండూ ఆయన మనసులోవే. మనం ఒకవైపే వాదిస్తూ పోతే రెండోవైపు వాదన ఆయన నోటితో మనమే చెప్పిస్తాం. (ఆయన అని రాస్తున్నా ఇదంతా ఆడవాళ్ళకూ వర్తిస్తుంది. వాళ్ళకు సిగ్గు ఇంకాస్త ఎక్కువ అడ్డుపడుతుంది, అందుకే సాయం అడగడం ఆలస్యమవుతుంది.)

ఒకప్పుడు చికిత్సా కేంద్రాల్లో కూడా వ్యసనపరుడంటే తప్పు ఒప్పుకోని మొండివాడని, గట్టిగా నిలదీసి ఆ మొండితనం వదిలించాలని నమ్మేవారు. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారడానికి కారణాల్ని ఎదుటి మనిషి నోటితోనే చెప్పించే సంభాషణ) అనే పద్ధతిని ప్రతిపాదించి ఆ నమ్మకాన్ని తిరగేశాడు. 1993లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో, కౌన్సెలర్ ఎంత ఎక్కువగా నిలదీస్తే ఏడాది తర్వాత ఎదుటి మనిషి అంత ఎక్కువ తాగుతూ కనిపించాడు. మనం మొండితనం అనుకునేదాంట్లో చాలాభాగం మనం అడిగే తీరులోంచే పుడుతుందన్నమాట.

మానాలన్న పట్టుదల ఉందా లేదా అని అడగడం దండగ. రెండు అంకెలు అడగాలి. మానడం ఎంత ముఖ్యం అనేది ఒకటి, మానగలనన్న నమ్మకం ఎంత అనేది రెండోది. కౌన్సెలింగ్ గదిలో ఇది ఇలా సాగుతుంది:

"మానడం మీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి 10 వరకు ఒక అంకె చెప్పండి."

"ఎనిమిది."

"ఇవాళే మానాలని నిర్ణయించుకున్నారనుకోండి. మానగలనన్న నమ్మకం ఎంత?"

"రెండు... రెండు కూడా ఎక్కువేనేమోనండి."

ఇంట్లో అందరూ "మానాలని లేదు" అంటున్నది ఈయన్నే. ముఖ్యం 3, నమ్మకం 9 చెప్పేవాళ్ళూ ఉంటారు, "తల్చుకుంటే రేపే మానేస్తా, ఇప్పుడంత అవసరమేముంది?" అనే రకం. ఇద్దరికీ కావలసింది వేరువేరు. కానీ మనం ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇస్తాం: లివర్ పాడవుతుంది, ఉద్యోగం పోతుంది, పిల్లలు ఏమైపోతారు. రెండో మనిషికి అది కొంత పనికొస్తుందేమో. మొదటి మనిషికి మాత్రం ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది, రెండును రెండుగానే వదిలేస్తుంది. చావు కళ్ళముందు కనపడుతూ, తప్పించుకునే దారి కనపడకపోతే మిగిలేది భయం. భయానికి ఆయన దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న మందు ఒక్కటే. లివర్ రిపోర్టు చదివి వినిపించిన రాత్రే ఎక్కువ తాగడం వెనకున్న లెక్క ఇదే.

అంకె చెప్పాక అడిగే ప్రశ్నలో అసలు మెలకువ ఉంది. "రెండేనా? పది ఎందుకు కాదు?" అని అడిగితే చేతకానితనం జాబితా వస్తుంది, దాన్ని ఆయన తన నోటితోనే మరోసారి నమ్ముతాడు. "రెండన్నారు, సున్నా ఎందుకు అనలేదు?" అని అడిగి చూడండి. కాసేపు ఆగి, "అప్పుడు కామెర్లొచ్చినప్పుడు నెలన్నర ముట్టలేదు కదండీ" అంటాడు. ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని నెలన్నర అది. తర్వాతి ప్రశ్న: "రెండు కాస్తా నాలుగు కావాలంటే ఏం జరగాలి?" దీనికొచ్చే జవాబు సాధారణంగా చాలా చిన్నది, చాలా పనికొచ్చేది. "రాత్రిళ్ళు నిద్ర పడితే చాలు." ఇక చికిత్స ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలిసిపోయినట్టే.

నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాడు గెలవడం చూడటం, ఎవరైనా ధైర్యం చెప్పడం, తన ఒంట్లో ఏం జరుగుతోందో దాన్ని అర్థం చేసుకునే తీరు. వీటిలో "నువ్వు చేయగలవు" అన్న మాట మిగతావాటి అండ లేకుండా ఎంతోకాలం నిలవదు, మనం అందరం వాడేది మాత్రం అదే. చేసి గెలవడం అన్నిటికన్నా బలమైనది. అందుకే "జన్మలో ముట్టను" అనే లక్ష్యం ఎంత గంభీరంగా వినిపించినా నమ్మకానికి ఏమీ చేయదు, అందులో గెలిచానని చెప్పుకునే రోజు రాదు కాబట్టి. ఈ శనివారం రాత్రి దాటించడం అనే లక్ష్యంలో ఆదివారం పొద్దున్నే గెలుపు ఉంది. ఇక తనలాంటివాణ్ణి చూడటం గురించి. ఇరవై ఏళ్ళ కిందట మానేసిన పెద్దమనిషిని తెచ్చి కూర్చోబెడితే గౌరవం కలుగుతుంది గానీ ధైర్యం రాదు. నాలుగు నెలల కిందట చేతులు వణుకుతూ వచ్చి ఇప్పుడు మామూలుగా పనికి వెళ్తున్నవాడు పక్కన కూర్చుంటే ఆ మాట వేరు.

నాలుగోదాన్ని, ఒంటి సంగతిని, తేలిగ్గా తీసుకోకూడదు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చివరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిభ్రమ, లేనివి కనిపించడం, జ్వరం వస్తాయి, దీంతో ప్రాణం కూడా పోవచ్చు. "నిజంగా మానాలనుంటే ఈ క్షణం నుంచి ఆపి చూపించు" అని సవాలు చేయడం ఇందుకే ప్రమాదం. డాక్టర్ పర్యవేక్షణలో మెదడును శాంతపరిచే బెంజోడయాజిపైన్ మందులు ఇచ్చి క్రమంగా తగ్గించుకుంటూ, థయామిన్ (విటమిన్ బి1) ఇస్తూ ఆ వారం గడిపించవచ్చు. ప్రాణాపాయం ఒక ఎత్తయితే, ఆ నరకం ఒకసారి ఒంటరిగా చూసినవాడు దాన్నుంచి నేర్చుకునే పాఠం మరో ఎత్తు: "మానడం నా వల్ల కాదు, నా ఒళ్ళు ఒప్పుకోదు." వణుకును ఆయన తన బలహీనతకు రుజువుగా చదువుకుంటాడు. అది మెదడు మళ్ళీ సర్దుకునే క్రమమని, దానికి గడువు ఉందని ముందే చెప్పినవాడు నమ్మకాన్ని సగం కాపాడినట్టే.

తర్వాతి అడ్డంకి, తాగితే ఏదో జరుగుతుందన్న ఎదురుచూపు. దీని బలం ఎంతో 1973లో మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ బృందం చేసిన ప్రయోగం చూపించింది. కొందరికి వోడ్కా కలిపిన టానిక్, కొందరికి ఉత్త టానిక్ ఇచ్చి, గ్లాసులో ఏముందన్న విషయంలో కొందరికి నిజం, కొందరికి అబద్ధం చెప్పారు. వ్యసనపరులు ఎంత తాగారన్నది గ్లాసులో మద్యం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడలేదు. ఉందని నమ్మినవాళ్ళు ఎక్కువ తాగారు. ఒక్క చుక్క పడితే చాలు ఇక ఆగలేనన్న నమ్మకం కూడా ఆగకపోవడానికి ఒక కారణమే. (దీన్ని పట్టుకుని ఒక చుక్క పరవాలేదనుకోకండి, ప్రయోగం చెప్పింది అది కాదు.)

"తాగితేనే నిద్ర", "తాగితేనే నలుగురిలో మాట్లాడగలను", "తాగితేనే టెన్షన్ తగ్గుతుంది". వీటిని అబద్ధాలని కొట్టిపారేస్తే పని జరగదు, మొదటి గంట వరకు అవి నిజమే. మద్యం నిద్ర తొందరగా పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. ఆందోళన తగ్గిస్తుంది, దిగిపోయాక ఇంకాస్త ఎక్కువగా తిరిగి తెస్తుంది. కాబట్టి మంచిచెడ్డలు రాయించేటప్పుడు తాగుడులో మంచి ఏముందన్న గడి ముందు నింపించాలి. ఎవరూ అడగని ప్రశ్న అది, అడిగితే మనిషి నిటారుగా కూర్చుంటాడు. పక్కన "ఎంతసేపు?" అని మరో గడి పెట్టాలి. నిద్ర: తెల్లవారుజామున మూడింటి వరకు. ధైర్యం: రెండో గ్లాసు నుంచి నాలుగో గ్లాసు దాకా. రాసేది ఆయన పెన్నే కాబట్టి వాదించాల్సిన పని మనకు ఉండదు.

మానిన తర్వాత మొదటి రెండు మూడు వారాలు పట్టుదలకు కాని కాలం. మందు వదిలిన కష్టం మొత్తం ఇప్పుడే చేతికొచ్చింది, లాభం ఇంకా రాలేదు. నిద్ర ఇంకా కుదరదు, మనసు దిగులుగా ఉంటుంది, ఏ పనిలోనూ రుచి ఉండదు. మద్య వ్యసనం ఉన్నవాళ్ళు దూరంగా ఉన్న లాభానికి మామూలు మనుషులకన్నా తక్కువ విలువ కడతారని, దగ్గరి సుఖం వైపు త్వరగా మొగ్గుతారని పరిశోధనలు పదేపదే చూపాయి. ఐదేళ్ళ తర్వాతి లివర్ వాళ్ళకు వేరేవాళ్ళ లివర్ లాంటిది. అందుకని ఈ వారాల్లో పనికొచ్చేవి రేపటి లాభాలు: పొద్దున్న చేయి వణక్కుండా గడ్డం గీసుకోగలగడం, ఫోన్ తెరిచి రాత్రి ఎవరికి ఏం మెసేజ్ పెట్టానోనని వెతుక్కోనక్కర్లేకపోవడం, జేబులో మిగిలిన డబ్బు. తాగుడు వల్లనే వచ్చిన దిగులైతే చాలామందిలో మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే అది విడిగా ఉన్న డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే చికిత్స కావాలి, పట్టుదల పెంచే మాటలు చాలవు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మరో సంగతి ఇంట్లోవాళ్ళకు తప్పకుండా తెలియాలి. ఎక్కువకాలం తాగిన మెదడులో గుర్తుపెట్టుకోవడం, ముందుచూపుతో ఆలోచించడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం దెబ్బతింటాయి. మానాక వారాలు, నెలల మీద చాలావరకు తేరుకుంటాయి. ఈలోగా అపాయింట్‌మెంట్ మర్చిపోతే "వీడికి శ్రద్ధ లేదు" అనుకుంటాం. కాగితం మీద రాసివ్వడం, ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేయడం, ఒకేసారి ఒకే పని చెప్పడం, ఇవి చిన్నవిగా కనిపించినా చికిత్సలో నిలబెట్టేవి ఇవే.

ఇక ఒట్ల విషయం. గట్టిగా తాగిన మర్నాటి పశ్చాత్తాపం అచ్చమైన శ్మశాన వైరాగ్యం. ఆ పూట ముఖ్యం అనే అంకె పదికి పది ఉంటుంది. తలనొప్పి తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. ఆ రెండు మూడు గంటల్లో ఒట్టు వేయించుకుంటే వేస్తాడు, నిజంగానే వేస్తాడు. కానీ ఒట్టుకు రెండే స్థితులు, నిలబడటం, తప్పడం. తప్పిన క్షణం నుంచి దాన్ని దాచాలి, దాచడానికి ఇంటికి ఆలస్యంగా రావాలి, సిగ్గును మింగడానికి మళ్ళీ తాగాలి. ఆ గంటల్ని ఒట్టుకు బదులు ఏదో ఒక పనికి వాడుకోవాలి. డాక్టర్‌కు అప్పుడే ఫోన్ చేసి సమయం తీసుకోవడం, ఇంట్లో మిగిలిన సీసా పారబోయడం, తాగేందుకు పిలిచే నంబర్లను బ్లాక్ చేయడం. వైరాగ్యం పోయినా జరిగిన పని ఉండిపోతుంది.

"రేపటి నుంచి తాగను" అన్నది కోరిక మాత్రమే. మనస్తత్వవేత్త పీటర్ గాల్‌విట్జర్ చూపించిన "ఇలా జరిగితే అలా చేస్తాను" అన్న పద్ధతి దాన్ని పనిగా మారుస్తుంది. "సాయంత్రం ఆరున్నరకు పని అయిపోగానే, దుకాణం లేని దారిలో నడిచి, ఇంటికి చేరే ముందే కడుపు నిండా ఏదైనా తింటాను." సమయం, చోటు, చేసే పని మూడూ ఉండాలి. ఇలాంటివి రెండో మూడో చాలు, పది రాసుకుంటే ఒకటీ గుర్తుండదు. తాగాలన్న యావ వచ్చినప్పటికి కూడా ఒకటి ఉండాలి. యావ కెరటంలా లేచి విరుగుతుంది, తాగకపోతే పెరుగుతూనే పోతుందన్నది అపోహ. లేచిన నిమిషం రాసుకుని, ఐదేసి నిమిషాలకు దాని తీవ్రతకు సున్నా నుంచి పది దాకా అంకె వేస్తూ కూర్చోవాలి. చాలాసార్లు అరగంట లోపే అంకెలు దిగడం మొదలవుతాయి. తన చేతిరాతలో 8, 9, 9, 6, 4 అని చూసుకున్నవాడికి దొరికే నమ్మకం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

మధ్యలో ఒకసారి జారడం చాలామందికి జరిగేదే. ఆ జారుడు పూర్తి పతనంగా మారేది మనసులో జరిగే ఒక లెక్కతో. మార్లాట్, జుడిత్ గోర్డన్ 1985 నాటికే దీన్ని వివరంగా రాశారు. "ఎలాగూ తాగేశాను, ఇంతే నా బతుకు, ఇక ఒకటైతేనేం పదైతేనేం." తప్పును తన స్వభావానికి, అది ఎప్పటికీ మారదన్న నమ్మకానికి అంటగట్టుకుంటే మిగతా సీసా ఖాళీ అవుతుంది. "ఆ పెళ్ళిలో, తొమ్మిదింటికి, ఖాళీ కడుపుతో, ఫలానా వాళ్ళ పక్కన కూర్చున్నందుకు" అనుకుంటే మరోసారి ఏం మార్చాలో తెలుస్తుంది. చేసిన పని తప్పు అనుకునే బాధ మనిషిని సరిదిద్దుకునే వైపు నడిపిస్తుంది, నేనే తప్పు మనిషిని అనుకునే సిగ్గు దాక్కునే వైపు నడిపిస్తుంది. జారిన 24 గంటల్లో ఎవరికి ఫోన్ చేయాలో తాగకముందే నిర్ణయించి పెట్టుకోవాలి. ఆ ఫోన్ ఎత్తినవాళ్ళు అడగాల్సిన మొదటి మాట "ఇప్పుడు ఎక్కడున్నావు, తిన్నావా" అని. "మళ్ళీ మొదలెట్టావా" అంటే రెండో ఫోన్ రాదు. అయితే వరసగా కొన్ని రోజులు గట్టిగా తాగాక ఆపుతుంటే మళ్ళీ డాక్టర్‌కు చెప్పే ఆపాలి.

ఒత్తిడి పెట్టాలా వద్దా అన్నదానిమీద రెండు వర్గాలు కొట్టుకుంటుంటాయి. ఉద్యోగం పోతుందన్న బెదిరింపో, ఇల్లు వదిలి వెళ్ళిపోతానన్న భార్య మాటో మనిషిని గుమ్మం దాకా తెస్తుంది, అది తక్కువేం కాదు. లోపలి కారణం తోడవకపోతే మాత్రం ఒత్తిడి తగ్గగానే వెనక్కి వెళ్తాడు. గుమ్మం దాటాక "ఎవరు పంపారన్నది పక్కన పెడదాం, మీకేం కావాలి?" అని అడగడం అందుకే. చికిత్సకు ససేమిరా అనేవాళ్ళ కుటుంబాల మీద మిల్లర్, రాబర్ట్ మేయర్స్ తదితరులు 1999లో మూడు పద్ధతులు పోల్చారు. అందరూ చుట్టూ చేరి నిలదీసే పద్ధతిలో 30 శాతం మంది చికిత్సకు వచ్చారు. కుటుంబం తన బాధ తాను చూసుకుంటూ తటస్థంగా ఉండాలనే పద్ధతిలో 13 శాతం. క్రాఫ్ట్ అనే మూడో పద్ధతిలో 64 శాతం. అందులో కుటుంబానికి నేర్పేది ఇది: తాగని గంటల్లో దగ్గరగా ఉండండి, తాగినప్పుడు మాట పెంచకుండా తప్పుకోండి, ఆయన బదులు ఆఫీసుకు అబద్ధం చెప్పకండి, అప్పు తీర్చకండి, చికిత్స మాట తెలివిలో ఉన్నప్పుడు, ఆయనే విసిగి ఉన్నప్పుడు ఎత్తండి. కొట్టే మనిషైతే వీటన్నిటికన్నా ముందు మీ భద్రత చూసుకోండి.

మార్పు దశల గురించి, అంటే మనస్తత్వవేత్తలు ప్రొచాస్కా, డిక్లెమెంటే చెప్పిన ఆలోచించని దశ, ఆలోచించే దశ వగైరాల గురించి ఎక్కువ రాయను. ఎదుటివాడు ఇంకా తూకం వేసుకుంటుంటే కార్యాచరణ ప్రణాళిక చేతిలో పెట్టకూడదని గుర్తుచేయడానికి పనికొస్తుంది. అంతకుమించి మెట్లలా వాడితే మోసం చేస్తుంది, మనిషి ఒకే రోజులో మూడు దశలు తిరిగి వస్తాడు.

మందుల మీద ఒక దురభిప్రాయం పట్టుదలకే గండి కొడుతోంది: "మాత్ర వేసుకుని మానితే అది నా గొప్పేముంది?" నాల్‌ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే మజాను తగ్గిస్తుంది, అకాంప్రోసేట్ మానిన స్థితిని నిలబెట్టుకోవడానికి తోడ్పడుతుంది. నమ్మకం రెండు దగ్గర ఉన్న మనిషికి ఇవి అరువిచ్చిన నమ్మకం. డైసల్ఫిరామ్ సంగతి వేరు. అది వేసుకుని తాగితే గుండె దడ, వాంతులు, ముఖం ఎర్రబారడం. అది పనిచేసేది చాలావరకు ఆ భయంతోనే, అందుకే దగ్గరుండి ఎవరైనా వేయిస్తేనే ఫలితం. దాన్ని తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయకండి. ప్రాణం మీదికి రావచ్చు, బయటపడిన రోజున చికిత్స మీదా మీ మీదా నమ్మకం మొత్తం పోతుంది.

మూడో నెల దగ్గర లెక్క తిరగబడుతుంది. నమ్మకం తొమ్మిదికి చేరుతుంది, ముఖ్యం అన్న అంకె ఐదుకు జారుతుంది, ఎందుకంటే ఒళ్ళు బాగుంది, ఇల్లు శాంతించింది, పాత కష్టం గుర్తుకు రావడం లేదు. "ఒక్కటి వేసి ఆపగలనేమో చూద్దాం" అన్న పరీక్ష పుట్టేది ఈ ధైర్యంలోంచే. అందుకని రెండు అంకెలూ నెలకోసారి అడుగుతూ ఉండాలి, మొదటి వారంలో ఆయన తన మాటల్లో రాసిన కారణాల కాగితం బయటికి తీయాలి. అదే సమయంలో పాత స్నేహితుల పిలుపులూ మొదలవుతాయి. "ఇవాళ వద్దులేరా" అంటే రేపటికి పిలుపు ఖాయం. "డాక్టర్ వద్దన్నాడు" అంటే డాక్టర్ మీద చర్చ మొదలవుతుంది. "వద్దు, నేను తాగట్లేదు" అని కళ్ళలోకి చూసి ఒక్కసారి చెప్పి, వెంటనే వేరే మాట ఎత్తాలి. రెండోసారీ బలవంతం చేస్తే ఇంకో కారణం వెతక్కుండా అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పాలి, మూడోసారికి అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి. ఈ మాటను ఇంట్లో ఎవరితోనైనా నాలుగైదుసార్లు పైకి అని చూసుకున్నాకే అలాంటి చోటికి బయల్దేరాలి.